కొత్తదా? పాతదా? – ఒక కారు కొనుగోలు నేర్పిన పాఠం



ఈసారి నేను వ్రాయబోయే సంగతి చూచి "పెద్దాయన కార్ల బేరం మొదలుపెట్టాడా?" అని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినా ఫరవాలేదు. చివరిదాకా చదవమని మాత్రం మనవి.

నా చిన్నతనంలో ఆదివారంనాడు మందిరం గోడకు ఆనించిన సైకిళ్లు పది ఉంటే ఎక్కువ. ఎవరైనా స్కూటరు మీద వస్తే పిల్లలమంతా దాని చుట్టూ మూగేవాళ్లం. నేడు కాంపౌండులో కార్లకు చోటు చాలక యువకులు ఇద్దరు గేటు దగ్గర నిలబడి దారి చూపవలసి వస్తున్నది. ఇది సంతోషించవలసిన సంగతే. అయితే చేతిలోకి డబ్బు వచ్చినప్పుడు దానితోపాటు కొత్త ప్రశ్నలు కూడా వస్తాయి. మన తండ్రులకు "కొనగలమా?" అన్నది ఒక్కటే ప్రశ్న. మన పిల్లలకు "ఏది కొనాలి? ఎందుకు కొనాలి?" అన్నవి ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు జేబు జవాబు చెబుతుంది. తక్కిన రెండింటికి మనస్సాక్షి చెప్పాలి.

సంగతి ఇది. మా అక్కయ్య చివరి కొడుకు, అనగా నా మేనల్లుడు, బెంగళూరులో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. 34 ఏండ్లు. భార్య నిండు నెలలకు దగ్గరలో ఉన్నది. అక్కయ్య కోలారు గనుల్లోనే పాత ఇంట్లో ఉంటుంది. ప్రతి శనివారం అతడు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి తల్లిని చూచి వస్తాడు. ఇంతకాలం మారికుప్పం రైలే అతనికి వాహనం. ఇప్పుడు కారు కొనదలచాడు. చేతిలో మూడు లక్షలున్నవి. తక్కినది అప్పు.

అతని ముందర రెండు దారులు. ఒకటి, ఎనిమిదేళ్ల పాత స్పోర్ట్స్ తరహా కారు, ఐదు లక్షలకు. టర్బో ఇంజను, ఆటోమేటిక్ గేర్లు, వెడల్పు టైర్లు, నేలకు దగ్గరగా కూర్చునే సీట్లు. కాలు పెడితే దూకుతుంది. రెండవది, కొత్త చిన్న కారు, అన్నిటికంటె తక్కువ రకం, దీనినే బేసు మోడలు అంటారు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గినందున అది కూడా అతని అందుబాటులోకి వచ్చింది. అయినా రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు కలిపి ఆరు లక్షలు దాటుతుంది. పాటల పెట్టె లేదు, వెనుక అద్దాలు చేతితో త్రిప్పుకోవాలి, చక్రాలకు ఉత్త ఇనుప రిమ్ములు. కాని కొత్తది.

అక్కయ్య నాకు ఫోను చేసింది. "తమ్ముడూ, నువ్వు చెబితే వింటాడు. ఆ పాత బండి వద్దని చెప్పు" అన్నది. ఆమె గొంతులో భయం నాకు తెలుసు. మా బావ గనిలో పనిచేసేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినప్పుడు చేతికి వచ్చిన డబ్బులో సగం పెట్టి, అద్దెకు త్రిప్పుకుందామని పాత కారొకటి కొన్నాడు. ఎనిమిది నెలల్లో ఇంజను పోయింది. బాగుచేయించిన కొద్దీ ఇంకొకటి పోయింది. చివరకు అక్కయ్య మెడలోని గొలుసు కుదువకు పోయింది, తిరిగి రాలేదు. "బంగారు గనిలో ముప్పై ఏండ్లు పని చేసి, ఉన్న బంగారాన్ని కారులో పోసుకున్నాం" అని ఆమె ఇప్పటికీ అంటుంది.

నేను టీచరు ట్రైనింగు చదివి, ముప్పై ఐదేండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. పాఠం సిద్ధం చేసుకోకుండా తరగతికి పోవడం నాకు అలవాటు లేదు. ఆడంబరము గూర్చి, దురాశ గూర్చి మంచి ఉపన్యాసమొకటి మనసులో తయారుచేసుకొని మేనల్లుడి దగ్గరకు వెళ్లాను. అతడు నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చాడు. తరువాత మెల్లగా ఒక మాట అడిగాడు.

"మామయ్యా, నేను కొత్త బండి కొంటే మీరంతా వస్తారు. పూలదండ వేస్తారు, ప్రార్థన చేస్తారు, ముందర నిలబడి ఫోటో తీసుకుంటారు. పాత బండి కొంటే ఎవరికీ తెలియదు, ఎవరూ రారు. మరి ఆడంబరం ఏ బండిలో ఎక్కువ?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ముప్పై ఐదేండ్లలో ఇట్లా నన్ను నిలబెట్టిన విద్యార్థులు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఇంటికి వచ్చి ఆలోచించాను. సామాన్యముగా మనము ఒక లెక్క వేసుకొని ఉన్నాము. తక్కువ సౌకర్యాలున్నది వినయం, వేగంగా పోయేది గర్వం, కొత్తది మర్యాద, పాతది నామోషీ. ఈ లెక్క సరియైనదేనా? నా సంగతే చెబుతాను. 1982లో మొదటి జీతంతో హెచ్.ఎం.టి. చేతి గడియారం కొన్నాను. ఆ రోజుల్లో బెంగళూరులో తయారైన ఆ గడియారం ఎవరి చేతికుంటే వారికొక గౌరవం. అందులో నేను కొన్నది సాదాది, అన్నిటికంటె తక్కువ ధరది. అయినా బల్ల మీద చేయి పెట్టి పాఠం చెప్పేటప్పుడు చొక్కా చేయి కాస్త పైకి లాగుకునేవాణ్ణి. గంట చూచుటకు కాదు, గడియారం చూపుటకు. కనుక గర్వము వస్తువు ధరలో లేదు, వేగంలో లేదు. అది మన చొక్కా చేతిలో ఉన్నది.

మరి మేనల్లుడికి ఆ కారు మీద అంత ఇష్టమెందుకు? అడిగాను. అతడు చెప్పిన మాట విని నా ఉపన్యాసము కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. 2001లో అతనికి పదేళ్లు. మా బావ ఆ పాడు కారు క్రింద పడుకొని బాగుచేసేటప్పుడు పక్కన కూర్చొని స్పానర్లు అందించేది ఈ పిల్లవాడే. ఏ నట్టుకు ఏ నంబరు స్పానరో తండ్రి అడగకముందే చేతికిచ్చేవాడట. ఇంట్లో అందరికీ ఆ కారు నష్టం. అతనికి మాత్రం తండ్రితో గడిపిన కాలం. బావ చనిపోయి పన్నెండేండ్లయింది. మంచి ఇంజను శబ్దం వింటే అతనికి తండ్రి గుర్తుకు వస్తాడట. ఇది ఆడంబరమని ఎట్లా అనగలను?

అందుచేత మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. నేర్పుతో చేసిన వస్తువును చూచి సంతోషించుట తప్పు కాదు. మంచి వడ్రంగి చేసిన బల్లను తడిమి చూచినట్టే మంచి ఇంజనును మెచ్చుకోవచ్చును. ఆనందము వేరు, ఆడంబరము వేరు. ఈ రెండింటిని విడదీయుటకు నాకు తోచిన పరీక్ష ఒక్కటే: ఎవరూ చూడకపోయినా నాకు ఇది కావాలా? కావాలంటే అది ఆనందము. చూచేవారు లేకపోతే అక్కరలేదంటే అది ఆడంబరము. ఈ పరీక్ష కొత్త బేసు మోడలు కొనేవారు కూడా వ్రాయవలసినదే.

రెండవ సంగతి, లెక్క. గోపురం కట్టదలచినవాని ఉపమానం మనకందరికీ తెలిసినదే. లెక్క చూడకుండా కొనుట విశ్వాసము కాదు, అజాగ్రత్త.

కొత్త కారు లెక్క ఇట్లుంటుంది. ఇన్సూరెన్సువారు బండి విలువ కట్టే పట్టిక చూడండి. ఆరు నెలలలోపు 5 శాతం తరుగు, ఏడాదిలోపు 15, రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాలుగవ ఏట 40, ఐదవ ఏట 50 శాతం. అనగా ఐదవ ఏటికి సగం విలువ కరిగిపోతుంది. మొదటి యజమాని మోసే ఈ బరువు పాతది కొనేవానికి ఉండదు. ఇంకొకరు వాడి విడిచిన వస్తువును చక్కగా వాడుకొనుట పొదుపే గాని చిన్నతనం కాదు. మన తల్లులు అన్న చొక్కా తమ్ముడికి కుట్టి తొడిగి మనలను పెంచారు గదా.

పాత కారు లెక్క మరొక విధంగా ఉంటుంది. దాని ధర రెండు భాగాలు. మొదటిది అమ్మేవానికి ఇచ్చేది, రెండవది తరువాత మెకానిక్కుకు ఇచ్చేది. మొదటిది కాగితం మీద ఉంటుంది, రెండవది ఎక్కడా వ్రాసి ఉండదు. సాదా బండి కంటె టర్బో బండికి, ఆటోమేటిక్ గేర్లకు, వెడల్పు టైర్లకు ఖర్చెక్కువ. పైగా పాత బండి అప్పుకు బ్యాంకులు సాధారణంగా ఎక్కువ వడ్డీ వేస్తాయి. ముందటి యజమాని దానిని ఎట్లా నడిపాడో ఆర్.సి. కార్డులో ఉండదు. వేగంగా పోవుటకే చేసిన బండిని వేగంగానే నడిపి ఉంటాడు.

భద్రత మాటకు వస్తే "కొత్తదంతా క్షేమం, పాతదంతా ప్రమాదం" అనడం కూడా తొందరపాటే. మన దేశంలో డ్రైవరు ముందర ఎయిర్ బ్యాగు తప్పనిసరి చేసినది 2019 జూలైలో. పక్క సీటుకు కూడా కావాలన్న నియమము 2021లో వచ్చింది. భారత్ ఎన్‌క్యాప్ అను మన దేశపు ఢీకొట్టు పరీక్షలు 2023 అక్టోబరు నుండి మొదలైనవి. కనుక పాత బండ్లలో బేసు మోడళ్లకు ఈ రక్షణలు లేకపోవచ్చును, ఖరీదైన రకాలకు ఉండవచ్చును. సంవత్సరము, మోడలు చూచి విచారించాలే గాని, కొత్త పెయింటు వాసన చూచి కాదు.

అయితే వేగము గూర్చి సైన్సు మాస్టారుగా ఒక మాట చెప్పక తప్పదు. బండి వేగము రెండింతలైతే దాని శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో, 80లో దానికి సుమారు నాలుగింతల దూరం కావాలి. డ్రైవరు ఎంత మంచివాడైనా, ఏ కంపెనీ బండి అయినా ఈ లెక్క మారదు. ఎదురుగా రోడ్డు దాటే ముసలమ్మకు ఈ సూత్రము తెలియదు. తెలిసినవాడే జాగ్రత్త పడాలి.

ఇక్కడే అసలు ప్రశ్న ఉన్నదని నాకు తోచింది. కొత్తదా పాతదా, వేగమా నెమ్మదా అన్నది పైపై ప్రశ్న. లోపలి ప్రశ్న ఇది: నా ఆనందానికి వెల ఎవరు చెల్లిస్తారు? నేనే చెల్లించగలిగితే ఆ ఆనందము నాది. నా భార్య ఆసుపత్రి డబ్బులోనుండి, నా తల్లి నిద్రలోనుండి, రోడ్డు మీద పోయే అపరిచితుని ప్రాణములోనుండి చెల్లించవలసి వస్తే అది నాది ఒక్కనిది కాదు. వారిని కూడా అడగాలి.

మేనల్లుడికి ఇంతే చెప్పాను. "కొనవద్దని చెప్పను. నీకు తెలిసిన మెకానిక్కుతో చూపించు. అమ్మను రెండు బండ్లలోను కూర్చోబెట్టు. తరువాత నీ ఇష్టము" అన్నాను.

ఒక శనివారం ముగ్గురమూ బయలుదేరాము. మెకానిక్కు పాత బండి క్రింద టార్చి వేసి చాలాసేపు చూచాడు. ముందు భాగం ఒకసారి దెబ్బ తిని తిరిగి రంగు వేసినట్టున్నదని, సర్వీసు కాగితాలలో రెండు సంవత్సరాలు కనబడుట లేదని చెప్పాడు. మేనల్లుడు అమ్మేవానిని మర్యాదగానే అడిగాడు. అతడు సూటిగా జవాబు చెప్పక "బండి నడిపి చూడండి సార్, మీకే తెలుస్తుంది" అన్నాడు. బండి నిజముగా బాగానే నడిచింది. నేను కూడా వెనుక సీటులో కూర్చున్నాను. అబద్ధమెందుకు, నాకు కూడా ముచ్చటేసింది.

కాని దిగేటప్పుడు అక్కయ్య దిగలేకపోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. క్రిందికి ఉన్న సీటులోనుండి లేవలేక తలుపు పట్టుకొని, నా భుజం పట్టుకొని, రెండుసార్లు ప్రయత్నించి లేచింది. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడినుండి షోరూముకు వెళ్లాము. ఆ చిన్న కారు ఎత్తైనది. అక్కయ్య కుర్చీలో కూర్చున్నట్టు కూర్చొని, కుర్చీలోనుండి లేచినట్టు లేచింది. మేనల్లుడు ఆమె మోకాళ్లనే చూస్తున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక "మామయ్యా, కొత్తదే తీసుకుంటాను" అన్నాడు.

కథ ఇక్కడ ముగిసిందనుకొంటే పొరపాటు. మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక అక్కయ్య నలుగురు స్త్రీలతో "నా మాట విని నా కొడుకు పాత బండి మానుకున్నాడు" అని సంతోషంగా చెబుతున్నది. మేనల్లుడు తల దించుకొని నిలబడి ఉన్నాడు. నేను ఆమెను పక్కకు పిలిచి "అక్కా, వాడు నీ మాట విని మానుకోలేదు, నీ మోకాళ్లు చూచి మానుకున్నాడు. అది నీకు ఇచ్చిన బహుమానము. దానిని నీ గెలుపుగా చెప్పుకోవద్దు" అన్నాను. ఆమె కొంతసేపు మౌనముగా ఉండి, "ఆ బండి శబ్దం వింటే వాళ్ల నాయన గుర్తొస్తాడని నాతో ఎప్పుడూ అనలేదే" అన్నది. ఆమె కళ్లు చెమర్చాయి.

మేనల్లుడికి కూడా ఒక మాట చెప్పాను. త్యాగము చేసినవాడు ఆ లెక్కను జీవితాంతం ఎదుటివారి ముందర తెరిచి పెట్టరాదు. "నీకోసమే గదా మానుకున్నాను" అని ఎప్పుడైనా అంటే, ఆ రోజే ఆ బహుమానము అప్పుగా మారిపోతుంది. అతడు నవ్వి "అననులే మామయ్యా" అన్నాడు. బావ స్పానర్ల పెట్టె ఇప్పుడు ఆ కొత్త కారు డిక్కీలో ఉన్నది.

అయితే దీనినిబట్టి అందరూ కొత్త బేసు మోడలే కొనాలని నేను చెప్పుట లేదు. పెండ్లికాని యువకుడు, అప్పు లేనివాడు, వేగమును అదుపులో పెట్టుకొనగలవాడు, పాత బండి చరిత్ర పూర్తిగా తెలిసికొని, మరమ్మతుకు వేరే డబ్బు పక్కన పెట్టుకొని కొంటే, అతడు చేసినది తప్పని నేననను. అట్లే గొప్పకోసము శక్తికి మించిన అప్పు చేసి కొత్త బండి కొన్నవాడు మంచి పని చేసినట్టూ కాదు.

చివరిగా, పాత బండ్లు కొనే, అమ్మే మనవారికి కొన్ని హెచ్చరికలు. మనలో చాలామంది ఒంగోలులోనో, నెల్లూరులోనో, చెన్నైలోనో ఉన్న బంధువుల బండిని "మనవాడే గదా" అని కాగితాలు మార్చకుండానే తెచ్చుకుంటారు. ఇది మంచిది కాదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి పేరు మార్పించండి. బండి మీద అప్పు తీరిపోయి ఉంటే బ్యాంకు కాగితముతో ఫారం 35 కూడా పెట్టి ఆ పద్దు కొట్టివేయించండి. ఇతర రాష్ట్రపు బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే అక్కడి ఆర్.టి.ఓ. నుండి నిరభ్యంతర పత్రము తెచ్చి ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. ఇన్సూరెన్సు 14 రోజులలోపల మీ పేరిట మార్పించుకోండి. ముందటి యజమాని నో క్లెయిం బోనసు అతనిదే, బండితో రాదు. పేరు మార్చకపోతే నష్టము అమ్మినవానికి కూడా ఉన్నది. ప్రమాదము జరిగినప్పుడు రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారినే యజమానిగా చూడాలని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

అమ్మేవారికి ఒక్క మాట. కొనేవాడు అడగని లోపమును కూడా చెప్పి అమ్మండి. ధర పదివేలు తగ్గవచ్చును. కాని ఆ బండిలో ఒక కుటుంబము ప్రయాణము చేస్తుంది. వెనుక సీటులో మోకాళ్ల నొప్పులున్న ఒక తల్లి కూర్చొని ఉంటుంది.

కొనేవారికి మూడు ప్రశ్నలు వ్రాసి ముగిస్తాను. ఎవరూ చూడకపోయినా ఇది నాకు కావాలా? దీని పూర్తి వెల నాకు తెలుసా? ఆ వెలలో నాకు తెలియకుండా ఇంకెవరైనా భాగము చెల్లిస్తున్నారా? ఈ మూడింటికి నెమ్మదిగా జవాబు చెప్పుకొని కొనండి. తరువాత అది కొత్తదైనా పాతదైనా మనసారా ఆనందించండి. మీ బండి వచ్చిన రోజున పిలిస్తే నేను తప్పక వస్తాను. పాతదైతే ఇంకా ముందుగా వస్తాను.